అద్దంలో చూసుకున్నారా?

లేన్ మారిన డ్రైవరు ఒక కాలు గుంతలో పెట్టుకునే కోర్టుకు వస్తాడు. కొత్తగా నల్లకోటు వేసుకున్న పిల్లలు ఎవరైనా నా దగ్గరికి వస్తే మొదట చెప్పే మాట ఇదే. తన దారిన తాను పోయేవాణ్ని ఎవరూ ఏమీ అడగరు. పక్కకు జరిగినవాణ్ని మాత్రం అన్నీ అడుగుతారు. ఎందుకు జరిగావు, సిగ్నల్ ఇచ్చావా, వెనక ఎవరొస్తున్నారో చూశావా అని. వీటన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్లను నేను చాలా తక్కువ మందిని చూశాను. వాళ్లలో సగం మందికి ఆ జవాబులు ఏదో ఒక వకీలు ఆఫీసులో నేర్పినవే.

మా ఆఫీసు తార్నాకలో ఒక మందుల షాపు పైన ఉండేది. నాకంటే బాగా పెద్దాయన ఒక సీనియర్, నేను, ఒక గుమాస్తా. ముగ్గురమూ యాక్సిడెంట్ కేసుల మీదే బతికాం. మా సీనియర్ సొట్టపడ్డ కారు తలుపు ఫొటో చూసి ఏ బండి ఏ పక్కనుంచి ఎంత వేగంతో వచ్చిందో చెప్పేవారు, చాలాసార్లు నిజమయ్యేది. కోపమొస్తే ఉర్దూలో తిట్టి, అది తగ్గాక చాయ్ తెప్పించేవారు. పని నేర్పింది ఆయనే. ఆయన నేర్పినవాటిలో కొన్ని తర్వాత మరిచిపోదామని చూశాను గానీ పూర్తిగా కుదరలేదు.

ఒక శనివారం బడి వదిలాక ఒక టీచరమ్మ మా మెట్లెక్కి వచ్చింది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఎప్పుడో ఇక్కడ స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. ఆమె మిషన్ స్కూల్లో లెక్కలు చెప్తుంది. ఆమె భర్త యూనివర్సిటీ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. ఒక్కతే కూతురు. అదే యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తూ, ఆ మధ్యనే ఆ క్యాంపస్‌లోని ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేరింది. ఆ అమ్మాయి చనిపోయి అప్పటికి మూడు నెలలు దాటింది.

జరిగింది ఇదీ. ఒక సాయంత్రం తండ్రి క్యాంపస్‌కు వెళ్లి కూతుర్ని కారులో ఎక్కించుకున్నాడు. తార్నాక వైపు వస్తున్నారు. రోడ్డు నిండా బండ్లు. ఆయన డివైడర్ పక్కన కుడి లేన్‌లో నెమ్మదిగా నడుపుతున్నాడు. కూతురు ముందు సీట్లో ఆయనకు ఎడమ పక్కన కూర్చుంది. చౌరస్తా ఇంకా కొంచెం దూరం ఉందనగా, ఎడమ చేతి వైపు మిఠాయి షాపు దగ్గర ఆపమంది. ఆయన ఎడమకు తీశాడు. అదే సమయంలో ఒక బస్సును దాటుకుంటూ ఎడమ లేన్‌లో వేగంగా వచ్చిన కారు ఆ అమ్మాయి కూర్చున్న వైపు తలుపును గుద్దింది. తండ్రికి మణికట్టు మాత్రం విరిగింది. ఆ కారు నడిపిన యువకుడికి దెబ్బలేమీ తగల్లేదు.

పోలీసులు వచ్చేసరికి తండ్రి రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు. తప్పు నాదే, నేనే సిగ్నల్ ఇవ్వకుండా తిప్పాను అన్నాడు. పోలీసులకు అంతకంటే ఏం కావాలి? అదే రాసుకున్నారు. కూతురి చావు కేసులో ముద్దాయి తండ్రే అయ్యాడు.

టీచరమ్మ ఇదంతా పాఠం చెప్పినట్టే వరసగా చెప్పింది. నష్టపరిహారం సంగతి ఆమె అడగలేదు. మా సీనియరే ఎత్తితే, అది మీ ఇష్టం అంది. మరి ఏం కావాలమ్మా అని అడిగాను.

"మావారు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ పాపని నేనే చంపుకున్నానని చెప్తున్నారండి. చర్చి నుంచి వచ్చినవాళ్లకీ, పాలవాడికీ కూడా. వాళ్లకి టీ ఇచ్చి ఆ మాట వింటూ నిలబడటం నా పనైపోయింది. ఎవరో ఒక పెద్దమనిషి చేత కాదని చెప్పించండి. జడ్జి గారు చెప్తే వింటారేమో."

మరి మీరేమనుకుంటున్నారు, తప్పు ఆయనదేనంటారా అని అడిగాను. అడగక తప్పదు. కోర్టులో వేరేవాళ్లు అడిగేముందు మనమే అడగాలి.

ఆమె గొడుగు పిడిని ఒకసారి తిప్పింది. "రోజుకో రకంగా ఉంటుందమ్మా" అంది.

ఆ కేసులో మా సీనియర్‌కూ ఆమెకూ మొదటి రోజే మాట కుదరలేదు. చనిపోయిన అమ్మాయి డ్రైవరు కాదు, పక్కన కూర్చున్న మనిషి. ఆమె తప్పంటూ ఏమీ లేదు. అందుకని తల్లి ఒక్కతే కేసు వేసి, ఎదుటి కారు డ్రైవర్నీ, తన భర్తనూ ఇద్దర్నీ ప్రతివాదులుగా చూపిస్తే, తప్పు ఎవరి మీద ఎంత పడినా ఇబ్బంది ఉండదు. రెండు బీమా కంపెనీలూ చూసుకుంటాయి. ఈ పని మేం చాలా కుటుంబాలకు చేశాం. భార్య భర్త మీద, అన్న తమ్ముడి మీద కేసు వేసి, సాయంత్రం ఒకే ఆటోలో ఇంటికి వెళ్లేవాళ్లు.

"ఉత్తగ కాగితం మీదనే అమ్మా. సార్‌కు ఏం కాదు" అన్నారు సీనియర్.

"కాగితం మీద ఏమని రాస్తారండి?"

సీనియర్ చెప్పారు. నా భర్త అజాగ్రత్తగా నడపడం వల్ల కూడా నా కూతురు చనిపోయింది అని రాయాలి. కింద ఆమె సంతకం పెట్టాలి.

ఆమె లేచి నిలబడింది. అలా రాసేపనైతే నేను మీ దగ్గరికి రావలసిన పనే లేదు కదండీ అంది. కేసు ఆ యువకుడి మీద మాత్రమే వేయాలి, తనూ భర్తా ఇద్దరూ ఒక పక్కనే ఉండాలి. అలా వేస్తే ఆయన మీద తప్పు ఎంత పడితే అంత డబ్బు తగ్గుతుందని సీనియర్ మూడు రకాలుగా విడమరచి చెప్పారు. ఆమె విద్యార్థి వాదన విన్నట్టు చివరిదాకా విని, నాకర్థమైంది, అయినా ఇలాగే వేయండి అంది. వెళ్లిపోయాక ఆయన నావైపు తిరిగి, లెక్కల టీచర్‌కు లెక్క రాకపాయె అన్నారు. ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

తండ్రిని తీసుకురావడం పెద్ద పనైంది. రానన్నాడు. తప్పు చేసినవాడు నష్టపరిహారం అడగడమేమిటన్నాడు. చివరికి భార్య మాట మీద వచ్చాడు. పొడుగాటి సన్నని మనిషి. తెల్లచొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని, సంతకం కోసం ఫైలు పట్టుకొచ్చిన ఉద్యోగిలాగా కుర్చీ అంచున కూర్చునేవాడు. క్యాంపస్‌లో ఆయన తెలియనివాళ్లు లేరట. ఫీజు గడువు దాటిన పిల్లల కోసం పై అధికారులతో వాదించేవాడని తర్వాత నాకు ఎవరో చెప్పారు. తనకోసం మాత్రం ఒక్క మాట వాదించలేదు.

మా గుమాస్తా తార్నాకలో పుట్టి పెరిగినవాడు. అక్కడి ప్రతి షాపువాడూ అతనికి ఏదో ఒక వరస. అతను తిరిగి తిరిగి ఒక బట్టల షాపు బయటున్న కెమెరాలో ఆ సాయంత్రం పడిన వీడియో పట్టుకొచ్చాడు. దూరం నుంచి తీసింది, మసకగా ఉంది. అయినా రెండు సంగతులు తెలుస్తున్నాయి. ఆ యువకుడి కారు బస్సుకు ఎడమ పక్కనుంచి దూసుకొచ్చింది, అంత రద్దీలో అంత వేగం ఎవరికీ తగదు. రెండోది, ఈయన కారు ఎడమకు తిరగకముందే ఇండికేటర్ వెలిగి ఆరుతోంది.

తల్లిని చూడనివ్వలేదు. తండ్రికి చూపించక తప్పలేదు. గుద్దుకోవడానికి ముందే ఆపేశాడు గుమాస్తా. ఆయన ఆ వెలిగి ఆరే పసుపు చుక్కను చూసి, మళ్లీ చూపించమన్నాడు. మళ్లీ చూపించాడు.

"వేశానా?" అన్నాడు.

వేశారు సార్, సిగ్నల్ ఇచ్చారు, పోలీసులకు మీరు చెప్పింది తప్పు అన్నాను. ఆయన మొహంలో కాస్త వెలుగొస్తుందని ఎదురుచూశాను.

"అయితే చెయ్యి దానంతట అది వేసిందండి. అలవాటు కదా. నేను మాత్రం అక్కడ లేను" అన్నాడు.

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. దుఃఖంలో ఉన్నవాళ్లు అలా మాట్లాడతారులే అనుకున్నాను.

సాక్ష్యం ముందు రోజు మా సీనియర్ ఆయన్ని కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టారు. ఇండికేటర్ సంగతి కెమెరా చూసుకుంటుంది, వేగం సంగతీ అదే చూసుకుంటుంది. ఇక మిగిలింది ఒక్కటే. అద్దంలో చూసుకున్నారా అని అడుగుతారు. చూసుకున్నాను, అప్పుడు ఎవరూ లేరు, ఆ కారు బస్సు వెనకనుంచి ఉన్నట్టుండి వచ్చింది అనాలి. ఆయన తల వంచుకుని విన్నాడు.

"చూశానో లేదో చెప్పలేనండి. ప్రమాణం చేసి అబద్ధం చెప్పలేను."

"అబద్ధం ఏంది సార్? యాది లేనప్పుడు చూసినట్టే లెక్క. రోజూ చూస్తరు గద" అన్నారు సీనియర్.

ఆయన నావైపు చూశాడు. మీకు గుర్తున్నదే చెప్పండి, లేనిది చెప్పకండి అన్నాను. నేనేదో సత్యహరిశ్చంద్రుడి చెల్లెల్ని కాను. నేర్పిన సాక్షి ఎదుటి వకీలు ప్రశ్నించే క్రాస్‌లో ఎలా విరుగుతాడో చాలాసార్లు చూశాను, అందుకే అన్నాను. మీరూ గుర్తుపెట్టుకోండి.

ఎదుటి బీమా కంపెనీ తరఫు వకీలు నా స్నేహితుడే. ఈ యాక్సిడెంట్ కేసులు వినే ట్రిబ్యునల్లో ఏళ్ల తరబడి ఎదురెదురుగా నిలబడి వాదించుకున్నాం, మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర డబ్బాలు విప్పుకుని తిన్నాం. ఆయన చింతకాయ పచ్చడికి నేను, మా ఇంటి సర్వపిండికి ఆయన ఆశపడేవాళ్లం. మెత్తని గొంతు. సాక్షిని ఎప్పుడూ గద్దించడు. ఆ మెత్తని గొంతే ప్రమాదం. ఎదుటివాడు ఊరడింపనుకుని మొత్తం చెప్పేస్తాడు.

ఆ రోజు కోర్టు హాలు కిటకిటలాడుతోంది. ముందు ఆ యువకుడి సాక్ష్యం అయింది. ఎవరో తన మీదికి వచ్చారన్నాడు, తాను మామూలు వేగంతోనే ఉన్నానన్నాడు. కెమెరాలో కనిపించిన వేగం సంగతి అడిగితే గుర్తులేదన్నాడు. అబద్ధమాడుతున్నాడని నాకు తెలుసు, కానీ రెండు చేతులతో బోను కర్రను పట్టుకుని చివరిదాకా వదల్లేదు. తరువాత తండ్రి ఎక్కాడు. టీచరమ్మ వెనక బెంచీ మీద, గోడకు ఆనుకుని కూర్చుంది.

నేను అడగవలసినవి అడిగాను. నా స్నేహితుడు లేచాడు. యూనివర్సిటీలో ఎన్నేళ్లు చేశారు, ఎన్నాళ్లుగా కారు నడుపుతున్నారు అని మెల్లగా మొదలుపెట్టాడు. ఇండికేటర్ వేసిన సంగతి తానే ఒప్పుకున్నాడు. అప్పుడడిగాడు.

"ఎడమకు తీసేముందు అద్దంలో చూసుకున్నారా?"

"లేదండి."

హాల్లో మా సీనియర్ కళ్లు మూసుకున్నారు. క్రాస్‌లో కావలసిన జవాబు దొరికిన వెంటనే కూర్చోవాలి. అది నా స్నేహితుడికి నాకంటే బాగా తెలుసు. ఆ రోజెందుకో కూర్చోలేదు.

"మరి ఎటు చూస్తున్నారు?"

జడ్జి గారు రాసుకోవడం ఆపి తలెత్తారు.

"మా పాపని చూస్తున్నానండి. ఆ రోజే మొదటిసారి క్లాసు చెప్పింది. ఎలా చెప్పిందో నాకు చేసి చూపిస్తోంది. చేతులు తిప్పుతూ, నవ్వుతూ. అద్దం ఆ పక్కనే ఉంది. నేను అద్దం దాకా వెళ్లలేదండి. దాని మొహం దగ్గరే ఆగిపోయాను."

నా స్నేహితుడు చేతిలోని కాగితాలు ఒకసారి సర్దుకుని, ఇంకేం లేదన్నట్టు కూర్చున్నాడు. జడ్జి గారు సాక్షి మాటగా టైపిస్టుకు చెప్పి రాయించారు. "నేను అద్దంలో చూడలేదన్నది వాస్తవం." తండ్రి చెప్పినదంతా రికార్డులో ఆ ఒక్క వాక్యమైంది.

నేను బయటికి వచ్చేసరికి భార్యాభర్తలిద్దరూ వరండాలో బెంచీ మీద ఉన్నారు. మధ్యలో ఒక మనిషి కూర్చునేంత ఖాళీ. ఆయన తప్పు చేసిన పిల్లవాడిలా నేల చూస్తున్నాడు. కేసు పాడుచేశానని నాతో అన్నాడు. ఏదో సర్దిచెప్పబోయాను. ఆమె చెయ్యి ఎత్తి నన్ను ఆపింది.

"క్లాసు ఎలా జరిగిందంట?" అని ఆయన్ని అడిగింది.

ఆయనకు మొదట అర్థం కాలేదు.

"దాని మొదటి క్లాసండీ. ఎలా జరిగిందో నాకెవరూ చెప్పలేదు. పొద్దున నాకు దణ్ణం పెట్టి వెళ్లింది. సాయంత్రం వచ్చి చెప్తుందని కూర్చున్నాను. మీకు చెప్పిందని ఇప్పుడు తెలిసింది నాకు."

నేను పక్కకు జరిగాను గానీ వినపడనంత దూరం పోలేకపోయాను. ఆయన ఆగి ఆగి చెప్పాడు. క్లాసులో ఎవరో మేడమ్ అని పిలిస్తే, తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసిందట. పిల్లలంతా నవ్వారట. తర్వాత బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క రెండుసార్లు విరిగిందట. వెనక బెంచీ అమ్మాయి ఒక ప్రశ్న వేస్తే జవాబు తెలియక, రేపు చెప్తానని ఒప్పేసుకుందట.

"ఒప్పుకుందా?" అంది టీచరమ్మ.

"ఒప్పుకుందంట. అమ్మ కూడా అలాగే చేస్తుంది కదా నాన్నా, తెలియకపోతే తెలియదనే అంటుంది కదా అంది."

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఇన్ని నెలలు ఒకే ఇంట్లో ఉండి, ఒక్కసారి కూడా ఆ సాయంత్రం సంగతి ఇద్దరూ మాట్లాడుకోలేదని అప్పుడు నాకు తెలిసింది. నేనే చంపానన్న ఒక్క మాట ముందు మిగిలిన మాటలకు చోటు లేకుండా పోయింది. ఆయన ఏం చెయ్యాలో తెలియక, వాళ్ల మధ్య ఖాళీలో తన చెయ్యి పెట్టి అలాగే ఉంచాడు. నా స్నేహితుడు హాలు గుమ్మంలోకి వచ్చి, మమ్మల్ని చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం నేను డబ్బా తెరవలేదు. ఆయనా రాలేదు. చాలా రోజుల తర్వాత ఒకసారి, ఆ రెండో ప్రశ్న నేనెందుకు అడిగానంటారు అని నన్నే అడిగాడు.

తీర్పు రావడానికి ఇంకో ఏడాది పైన పట్టింది. ఎడమ పక్కనుంచి అంత వేగంగా దాటడం వల్లే ప్రమాదం జరిగింది, పోలీసులు రాసింది తుది మాట కాదు అన్నారు జడ్జి గారు. ముప్పాతిక తప్పు ఆ యువకుడిది. లేన్ మారేముందు వెనక చూడని కారణంగా పావు వంతు తండ్రిది. పోలీసు కేసు కూడా ఆ తర్వాత నిలవలేదు. ఉన్న సాక్ష్యంతో అంతకంటే మంచి తీర్పు నేను రాయించలేను. మా సీనియర్ అయితే గెలిచినమనే అన్నారు.

ఇద్దర్నీ ఆఫీసుకు పిలిచాం. ఆయన అప్పటికి ఇంకా సన్నబడ్డాడు. కారు అమ్మేశారు, ఇద్దరూ సిటీ బస్సులోనే వచ్చారు. నేను తీర్పు చదివి అర్థం చెప్పాను. సీనియర్‌లో ఉత్సాహం ఆగలేదు.

"హైకోర్టుకు పోదం సార్. ఆ పావు గూడ మీ మీదికెల్లి తీసేపిస్తం" అన్నారు.

"వద్దండి. చూడలేదు కదా. అది నాదే" అన్నాడు ఆయన.

"దాంట్లో సగం నాది" అంది టీచరమ్మ.

ముగ్గురం ఆమెవైపు తిరిగాం. ఆ రోజు మబ్బు పట్టి ఉందనీ, ఈయన నడిచి వెళ్లి పాపతో కలిసి బస్సులో వస్తానన్నాడనీ, మొదటి రోజు పిల్ల తడుస్తూ రావడమేమిటి, కారు తీసుకెళ్లమని తానే తాళాలు చేతికిచ్చి పంపించిందనీ చెప్పింది. అప్పటిదాకా ఆమె ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఆయన కంగారుపడ్డాడు.

"నువ్వెందుకు ఇందులోకి? నువ్వేం చేశావు?"

"ఇన్నాళ్లూ మొత్తం మీరొక్కరే తీసేసుకున్నారు. నాకేమీ మిగల్చలేదు" అంది ఆమె.

చట్టంలో అలాంటి వాటా లేదని మా సీనియర్ చెప్పబోయారేమో. ఎదురుగా ఉన్న మంచినీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపారు. ఆమె తాగి, మిగిలినవి భర్తకు ఇచ్చింది. ఆయన తాగాడు.

అప్పీలు వేయలేదు.